ఆ దుప్పటి ఎలా కప్పుకోవాలో ఎవరూ చెప్పలేదు

1914 నాటి చలికాలం. ఇంగ్లాండులోని కేంబ్రిడ్జి. ట్రినిటీ కాలేజీ గదిలో నిప్పుగూటికి దగ్గరగా జరిగి కూర్చున్నాడు ఓ మద్రాసు యువకుడు. అతణ్ని చూడటానికి కలకత్తా నుంచి వచ్చి అక్కడే చదువుకుంటున్న మరో కుర్రాడు వచ్చాడు. మాటల మధ్యలో, రాత్రిళ్లు వెచ్చగానే ఉంటోందా అని అడిగాడు. లేదు, చలికి వణికిపోతున్నానన్నాడు మద్రాసు యువకుడు. ఓవర్‌కోటు వేసుకుని, పైన శాలువా చుట్టుకుని పడుకున్నా చలి ఆగడం లేదట.

కలకత్తా కుర్రాడికి అనుమానం వచ్చింది. కప్పుకోవడానికి దుప్పట్లు సరిపోవడం లేదేమోనని లోపలి గదిలోకి వెళ్లి చూశాడు. మంచం మీద ఉన్ని దుప్పట్లు చాలానే ఉన్నాయి. కానీ, అంచులన్నీ పరుపు కిందికి బిగించి మడిచి, పైన ఒక పక్కగుడ్డ పరిచి ఉంది. వాటిని పైకి లాగి, మధ్యలో దూరి పడుకోవాలన్న సంగతి మద్రాసు యువకుడికి తెలియదు. అన్నాళ్లూ ఆ దుప్పట్ల మీదే ముడుచుకుని పడుకుంటున్నాడు!

దుప్పటి ఎలా కప్పుకోవాలో చూపించిన ఆ కలకత్తా కుర్రాడు ప్రశాంతచంద్ర మహలనోబిస్. తర్వాతి కాలంలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌ను స్థాపించింది ఆయనే. ఇక దుప్పట్ల మీద వణుకుతూ పడుకున్న ఆ యువకుడు... శ్రీనివాస రామానుజన్.

రామానుజన్ లెక్కల గురించి మన పిల్లలు పాఠాల్లో చదువుకుంటారు. డిసెంబరు 22న ఆయన పుట్టినరోజుని గణిత దినోత్సవంగా జరుపుకొంటారు. కానీ, ఊరుగాని ఊళ్లో ఒంటరిగా ఉన్న ఆ అయిదేళ్లలో అతను ఏం తిన్నాడు, ఎలా పడుకున్నాడు, ఎవరితో మాట్లాడాడు? ఈ సంగతులు పెద్దగా ఎవరికీ పట్టవు. నిజానికి పిల్లల్ని పరాయి దేశాలకు పంపుతున్న ప్రతి ఇంటికీ పనికొచ్చే కథ అందులోనే ఉంది.

పిలక తీసేసిన రోజు

ఇంటి నుంచి దూరంగా వెళ్లడం రామానుజన్‌కి కొత్త కాదు. 1905లో కాలేజీ చదువు చెడినప్పుడు ఎవరికీ చెప్పకుండా కుంభకోణం నుంచి విశాఖపట్నం వెళ్లిపోయాడు. ఉద్యోగం లేక తిరుగుతున్న రోజుల్లో, 1910 చివర, నెల్లూరు కలెక్టరుగా ఉన్న రామచంద్రరావు దగ్గరికి నోటు పుస్తకం పట్టుకుని వెళ్లాడు. ఆయన కొంతకాలం నెలకు పాతిక రూపాయలిచ్చి ఆదుకున్నాడు. ఆ తర్వాతే మద్రాసు పోర్టు ట్రస్టులో 30 రూపాయల గుమాస్తా ఉద్యోగం దొరికింది. 1913 జనవరిలో కేంబ్రిడ్జిలోని హార్డీకి ఉత్తరం రాసింది అక్కణ్నుంచే.

కానీ, సముద్రం దాటడం వేరే సంగతి. ఆచారం ఒప్పుకోదు. తల్లి కోమలతమ్మాళ్ ఒప్పుకోలేదు. చివరికి నామగిరి అమ్మవారు కలలో కనిపించి అనుమతిచ్చిందని ఆమే చెప్పడంతో ప్రయాణం ఖాయమైంది. మద్రాసు విశ్వవిద్యాలయం ఏడాదికి 250 పౌండ్ల ఉపకార వేతనం మంజూరు చేసింది. అందులో కొంత నెలనెలా కుంభకోణం పంపే ఏర్పాటు జరిగింది.

ఓడ ఎక్కేముందు తల్లినీ భార్యనీ ఊరికి పంపేశాడు రామానుజన్. ఎందుకో తెలుసా? పిలక తీయించుకోవడం వాళ్ల కంట పడకూడదని. ప్యాంటు, కోటు, కాలర్, టై, బూట్లు... అన్నీ కొత్తే. చెంచా, ఫోర్కుతో తినడం నేర్పించారు. 1914 మార్చి 17న 'నెవాసా' అనే ఓడ మద్రాసు రేవు వదిలింది. అప్పటికి అతని వయసు 26 ఏళ్లు. భార్య జానకికి దాదాపు పదిహేనేళ్లు.

ఏప్రిల్ 14న లండన్‌లో దిగాడు. కేంబ్రిడ్జి అధ్యాపకుడు నెవిల్ రేవుకే వచ్చి తీసుకెళ్లాడు. మొదట్లో తన ఇంట్లోనే ఉంచుకున్నాడు. ఆ తర్వాత రామానుజన్ కాలేజీలో సొంత గదికి మారాడు. హార్డీ గదికి నాలుగడుగుల దూరం. లెక్కలకి అది చాలా సౌకర్యం. ఇంటి మనిషి లేకపోవడం మాత్రం అక్కణ్నుంచే మొదలైంది.

పైజమానే మడిబట్ట

ఇరవయ్యారేళ్లు చెప్పుల్లో స్వేచ్ఛగా తిరిగిన పాదాలకి బూట్లు నరకం చూపించాయి. గదిలో ఉన్నంతసేపూ స్లిప్పర్లే. అక్కడి కూరగాయలు అలవాటు లేనివి. పైగా వాటిని వట్టి నీళ్లలో ఉడకబెట్టి పెడితే నోటికి ఎలా సహిస్తాయి? కాలేజీ భోజనశాలలో అందరూ బారులు తీరి కూర్చుని తినేచోట రామానుజన్‌కి తినదగింది దాదాపు ఏమీ లేదు. మాంసం సంగతి సరే, ఏ కూర ఏ కొవ్వులో వేయించారో ఎవరు చెప్పగలరు?

అందుకే గదిలోనే వంట మొదలుపెట్టాడు. చిన్న గ్యాసు పొయ్యి, ఒకటి రెండు గిన్నెలు. అన్నం, చారు, ఏదో ఒక కూర. వంట మొదలుపెట్టేముందు ప్యాంటూ కోటూ విప్పేసి పైజమాలోకి మారేవాడని హార్డీ రాశాడు. ఆ ఇంగ్లిషు ప్రొఫెసర్‌కి అది ఒక వింత అలవాటుగా అనిపించి ఉంటుంది. మన ఇళ్లలో బామ్మల్ని చూసినవాళ్లకి చెప్పనక్కర్లేదు, అది మడి! పట్టుపంచె దొరకనిచోట ఉతికిన పైజమానే మడిబట్ట అయింది.

మద్రాసు నుంచి పార్సిళ్లు వచ్చేవి. చింతపండు, కొబ్బరి నూనె వంటివి స్నేహితులు, ఇంటివాళ్లు పంపేవారు. అవి సముద్రంలో నెలరోజులు ప్రయాణం చేసి అందాలి. 1915 మొదట్లో ఒక మిత్రుడికి రాసిన ఉత్తరంలో, ఇక ఏమీ పంపనక్కర్లేదనీ, నాలుకని అదుపులో పెట్టుకున్నాననీ, వట్టి అన్నంలో కాస్త ఉప్పూ నిమ్మరసం కలుపుకొని ఎన్నాళ్లైనా బతకగలననీ చెప్పుకొన్నాడు. ఇంట్లోవాళ్లు కంగారుపడకూడదని పిల్లలు చెప్పే మాట ఇలాగే ఉంటుంది కదూ!

తిండికి వేళంటూ లేదు. ఒక్కోసారి ముప్ఫై గంటలు ఏకబిగిన లెక్కలు చేసి, తర్వాత ఇరవై గంటలు నిద్రపోయేవాడట. వేళకి కంచం ముందు కూర్చోబెట్టే మనిషి లేకపోతే ఏం జరుగుతుందో అదే జరిగింది.

గరిటె తిప్పుతూ లెక్క

అలాగని ఆ రోజులన్నీ బాధే కాదు. లండన్ వెళ్లి జంతు ప్రదర్శనశాల చూశాడు. 'చార్లీస్ ఆంట్' అనే హాస్య నాటకం చూసి కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వాడు. మహలనోబిస్ లాంటి మిత్రులు గదికి వచ్చేవారు. తాత్త్విక చర్చలు నడిచేవి. వాటి మధ్యలో చారు మరిగేది.

1914 డిసెంబరులో ఒకరోజు మహలనోబిస్ చేతిలో 'స్ట్రాండ్' పత్రిక ఉంది. అందులో ఓ పజిల్. ఒక వీధిలో ఒకే వరసలో ఇళ్లున్నాయి, నంబర్లు ఒకటి నుంచి మొదలవుతాయి. ఒక ఇంటికి ఇటువైపున్న నంబర్లన్నీ కూడితే ఎంతో, అటువైపున్నవి కూడినా అంతే. మొత్తం ఇళ్లు 50కి పైన, 500 లోపు. మరి ఆ ఇంటి నంబరెంత? ఉదాహరణకి వీధిలో ఎనిమిదే ఇళ్లుంటే జవాబు ఆరో నంబరు. ఎందుకంటే 1 నుంచి 5 వరకూ కూడితే 15, అటువైపు 7, 8 కూడినా 15.

మహలనోబిస్ కొన్ని నిమిషాలు కుస్తీ పట్టి జవాబు పట్టుకున్నాడు: 288 ఇళ్లలో 204వది. పక్కనే గ్యాసు పొయ్యి మీద బాణలిలో కూర కలుపుతున్నాడు రామానుజన్. ఇదిగో ఒక లెక్క అని చదివి వినిపిస్తే గరిటె ఆపకుండానే, రాసుకోమని ఒక సూత్రం చెప్పాడు. అది ఒక్క వీధికి జవాబు కాదు, ఈ లెక్క కుదిరే వీధులన్నిటికీ సరిపోయే జవాబుల వరస!

ఇదంతా జరుగుతున్నప్పుడు బయట యుద్ధం. ఆ ఏడాది ఆగస్టు 4న బ్రిటన్ మొదటి ప్రపంచయుద్ధంలోకి దిగింది. ట్రినిటీ కాలేజీ ఆవరణలోనే కొన్నాళ్లు గాయపడ్డ సైనికులకి ఆస్పత్రి నడిచింది. విద్యార్థులు, అధ్యాపకులు యుద్ధానికి వెళ్లిపోయారు. కాలేజీ ఖాళీ అయింది. శాకాహారికి ఆధారమైన పాలు, కూరగాయలు దొరకడం రానురానూ కష్టమైంది. రెండేళ్లకని వచ్చిన ప్రయాణం సముద్రంలో జలాంతర్గాముల భయంతో అలా సాగుతూనే పోయింది.

రెండోసారి సరే, మూడోసారి?

రామానుజన్ మనసు ఎంత సున్నితమైపోయిందో చెప్పే సంఘటన 1916లో జరిగింది. ఒక భారతీయ మిత్రుడికి పెళ్లి నిశ్చయమైంది. కాబోయే దంపతుల్ని తన గదికి భోజనానికి పిలిచాడు రామానుజన్. వాళ్లతోపాటు మరో మహిళ కూడా వచ్చింది. తనే వండాడు, తనే వడ్డించాడు. చారు బాగుందని అందరూ రెండోసారి వేయించుకున్నారు. మూడోసారి పోయబోతే ఆడవాళ్లు వద్దన్నారు. కబుర్లు సాగాయి. కాసేపటికి చూస్తే రామానుజన్ లేడు. ఎంతసేపు ఎదురుచూసినా రాలేదు. కిందికి వెళ్లి అడిగితే టాక్సీ పిలిపించుకుని వెళ్లిపోయాడన్నారు. 

నాలుగు రోజుల తర్వాత ఆక్స్‌ఫర్డ్ నుంచి మిత్రుడికి తంతి వచ్చింది, అయిదు పౌండ్లు పంపమని. తిరిగొచ్చాక అసలు సంగతి చెప్పాడు. తను వడ్డించింది ఆ స్త్రీలు వద్దనడం అవమానంగా అనిపించిందట. వాళ్లు గదిలో ఉండగా మళ్లీ లోపలికి రాలేక, చేతిలో ఉన్న డబ్బుతో ఎంతదూరం వెళ్లగలిగితే అంతదూరం వెళ్లిపోయాడట.

వినడానికి నవ్వొస్తుంది. కానీ ఆలోచించండి. రెండేళ్లుగా ఒంటరిగా వండుకుని ఒంటరిగా తింటున్న మనిషి. పొదుపుగా దాచుకున్న చింతపండుతో కాచిన చారు. ఇంటికొచ్చిన అతిథికి కొసరి కొసరి వడ్డించడమే మర్యాద అని నమ్మే ఊరు నుంచి వచ్చినవాడు. అతను పోసింది చారు ఒక్కటే కాదు మరి!

ఉత్తరాలు ఆగిపోయాయి

మొదట్లో ఇంటికి నెలకి మూడు నాలుగు ఉత్తరాలు రాసేవాడు. తర్వాత తగ్గిపోయాయి. అటునుంచి వచ్చేవీ తగ్గాయి. అత్తాకోడళ్లకి పడలేదు. జానకి రాసిన ఉత్తరాలు భర్తకి చేరలేదు. భర్త రాసినవీ ఆమె దాకా రానిచ్చేవారు కాదు. సముద్రానికి ఇవతల ఆమె, అవతల అతను, తనను పట్టించుకోవడం లేదని ఎవరికి వారు అనుకునే పరిస్థితి.

1917 వసంతంలో రామానుజన్ మంచం పట్టాడు. అప్పటి డాక్టర్లు చివరికి క్షయగా భావించారు. చాలా ఏళ్ల తర్వాత, 1994లో, పాత వైద్య వివరాలన్నీ పరిశీలించిన ఒక పరిశోధకుడు అది కాలేయానికి పాకిన అమీబియాసిస్ కావచ్చని తేల్చాడు. ఆ రోజుల్లో కూడా నయం చేయగలిగిన జబ్బే అది!

ఆస్పత్రి తర్వాత ఆస్పత్రి. క్షయరోగులకి చల్లగాలే మందని నమ్మిన కాలమది. డెర్బీషైర్‌లోని ఒక శానిటోరియంలో నెలరోజులపాటు గదిలో నిప్పు వెలిగించలేదని రామానుజన్ ఉత్తరంలో మొరపెట్టుకున్నాడు. ఓవర్‌కోటు, చేతి తొడుగులు వేసుకునే భోజనం చేయాల్సి వచ్చేది. స్నానాల గది మాత్రం వెచ్చగా ఉంటుందనీ, రోజూ కాగితం, కలం పట్టుకుని ఓ గంట అక్కడ కూర్చుని లెక్కలు చేస్తాననీ రాశాడు. ప్రపంచం మెచ్చిన గణితవేత్తకి వెచ్చని చోటు అదొక్కటే దొరికింది.

అక్కడి వంటమనిషికి మన కూరలు చేతకావు. ఇతనికి అక్కడివి సహించవు. ఉత్తర ఇంగ్లాండులో పనిచేస్తున్న ఓ మద్రాసు ఇంజినీరు 1918 జూన్‌లో వచ్చి మూడురోజులుండి అంతా చూశాడు. వెళ్లాక హార్డీకి పెద్ద ఉత్తరం రాశాడు. అందులో గణితం లేదు, ఎక్కువ భాగం తిండి గురించే. ఏది తినగలడు, ఏది తినలేడు, ఏం చేస్తే నాలుగు ముద్దలు లోపలికి వెళతాయి... ఓ అన్నయ్య రాసినట్టుంటుంది.

అంతకు కొన్ని నెలల ముందే, 1918 మొదట్లో, రామానుజన్ లండన్‌లో భూగర్భ రైలు పట్టాల మీదకు దూకాడు. గార్డు గమనించి స్విచ్ నొక్కడంతో రైలు కొన్ని అడుగుల దూరంలో ఆగిపోయింది. కాళ్లకి గాయాలయ్యాయి. పోలీసులు అరెస్టు చేస్తే హార్డీ పరుగున వెళ్లి విడిపించాడు. ఆ ఏడాదే మే నెలలో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. అక్టోబరులో ట్రినిటీ కాలేజీ ఫెలో అయ్యాడు, ఆ గౌరవం దక్కిన మొదటి భారతీయుడిగా. ఒకే ఏడాదిలో ఇవన్నీ. గౌరవాలు గుమ్మంలోకి వస్తున్నప్పుడు లోపల మనిషి ఎలా ఉన్నాడో గుమ్మం బయటివాళ్లకి తెలియదు.

హార్డీ మంచివాడు. రామానుజన్‌ని ప్రపంచానికి చూపించింది ఆయనే. దాదాపు రోజూ కలిసేవాడు. అతనికి జబ్బు చేస్తే డాక్టర్ల చుట్టూ తిరిగాడు. పట్నీలోని ఆస్పత్రికి టాక్సీలో వెళ్లి, దాని నంబరు 1729 పెద్ద విశేషమేమీ లేనిదని ఆయన అంటే, రెండు ఘనాల మొత్తంగా రెండు రకాలుగా రాయగల అతిచిన్న సంఖ్య అదేనని రామానుజన్ చెప్పడం అందరికీ తెలిసిన కథే. కానీ వాళ్లిద్దరి మధ్య మాటలన్నీ ఇలా లెక్కల చుట్టూనే తిరిగేవి. ఇంటి నుంచి ఉత్తరాలు రావడం లేదన్న సంగతి హార్డీకి చాలా ఆలస్యంగా తెలిసింది. సొంత విషయాలు అడగడం అక్కడి మర్యాద కాదు. అడగందే చెప్పుకోవడం మనవాడికి రాదు.

నువ్వుంటే...

1919 ఫిబ్రవరి 27న 'నగోయా' అనే ఓడలో రామానుజన్ తిరుగు ప్రయాణమయ్యాడు. అంతకు ముందు జనవరిలో మద్రాసు విశ్వవిద్యాలయానికి ఒక ఉత్తరం రాశాడు. తనకి ఇస్తానన్న 250 పౌండ్లు తన అవసరాలకి ఎక్కువనీ, తల్లిదండ్రులకి ఏడాదికి 50 పౌండ్లు ఇచ్చి, తన ఖర్చులు పోగా మిగిలింది పేద పిల్లల చదువుకి వాడమనీ కోరాడు. ఉప్పు, నిమ్మరసం అన్నంతో గడిపినవాడు కోరిన కోరిక అది.

మార్చి 27న బొంబాయి చేరాడు. చివరి ఏడాది జానకి పక్కనే ఉంది. కాపడం పెట్టింది, వేళకి అన్నం పెట్టింది, లెక్కలు వేసి పక్కన పడేసిన కాగితాల్ని జాగ్రత్త చేసింది. నువ్వు నాతో ఇంగ్లాండు వచ్చి ఉంటే నాకీ జబ్బు వచ్చేది కాదని భర్త తనతో అన్నాడని ఆమె తర్వాత చెప్పుకొంది. 1920 ఏప్రిల్ 26న మద్రాసులోని చెట్‌పట్‌లో రామానుజన్ కన్నుమూశాడు. అప్పటికి 32 ఏళ్లు. జానకి కుట్టుపని నేర్చుకుని, బట్టలు కుట్టి బతికింది. 1994 దాకా ఉంది.

ఇప్పుడు కాలం మారింది. శంషాబాద్ విమానాశ్రయానికి వెళ్లేముందు ఇంట్లో తూకం వేసి మరీ సూట్‌కేసులు సర్దుతున్నాం. ఆవకాయ, కందిపొడి, చింతపండు గుజ్జు, ప్రెషర్ కుక్కర్. అక్కడా ఇండియన్ స్టోర్లున్నాయి. నెలరోజుల ఉత్తరం బదులు క్షణంలో వీడియో కాల్. చలి దుప్పట్లు ఎలా కప్పుకోవాలో ఫోన్లో చూసి నేర్చుకోవచ్చు.

అయినా పిల్లలు చెప్పే జవాబు మాత్రం వందేళ్ల నాటిదే. "బాగానే ఉన్నానమ్మా, ఏమీ పంపొద్దు." గదిలో శుభ్రంగా ఉన్న మూలనే ఫోన్లో చూపిస్తారు. మార్కులు, జీతం, వీసా గురించి మనమూ అడుగుతాం. వాళ్లూ చెబుతారు. అంతటితో మాటలు అయిపోతాయి.

మహలనోబిస్ ఆ రోజు చేసింది పెద్ద సాయమేమీ కాదు. రాత్రి వెచ్చగా ఉంటోందా అని అడిగాడు. జవాబు విని ఊరుకోకుండా లేచి వెళ్లి మంచం చూశాడు. ఈ ఆదివారం ఫోన్ వచ్చినప్పుడు మీరూ ఒకసారి అలాగే అనండి... "ఆ ఫోన్ కాస్త పొయ్యి వైపు తిప్పు నాన్నా, ఇవాళ ఏం వండావో చూస్తాను" అని.